ఉత్సేకం ఎక్కడుంది? శాస్త్ర పదాల ఆడియో యాప్‌తో నాలుగు నెలలు

మా అక్క కూతురు పదో తరగతి, ఇంటర్ రెండూ నల్గొండ జిల్లాలో తెలుగు మాధ్యమంలోనే చదివి, గత ఏడాది హైదరాబాదులో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరింది. మొదటి వారం తరగతిలో చెప్పిన విషయాలు చాలావరకు తనకు తెలిసినవే, చెప్పిన పదాలు మాత్రం దాదాపు అన్నీ కొత్తవే. రక్తఫలకికలు తెలుసు, థ్రాంబోసైట్లు తెలియవు. జలవిశ్లేషణ గురించి పరీక్షలో పేజీన్నర రాసిన పిల్లకు హైడ్రాలిసిస్ అన్న మాట చెవిన పడితే అదేదో మందు పేరనిపించిందట. డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్న నాకు ఈ ఇబ్బంది కొత్త కాదు. ఏటా తరగతిలో సగం మంది ఇలాగే వస్తారు. ఇంట్లోనే ఎదురైంది కాబట్టి ఈసారి ఊరికే సానుభూతి చూపి ఊరుకోలేకపోయాను. తను ఇంటర్నెట్‌లో చూసి ముచ్చటపడిన ఒక ఆడియో పదకోశం యాప్‌కు ఏడాది చందా కట్టి, నాలుగు నెలలపాటు ఇద్దరం కలిసి వాడాం.

యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. తయారు చేసినవారు ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న సంస్థ, నేను పంపిన తప్పుల జాబితాకు జవాబిచ్చారు, కొన్ని సరిచేశారు, కొన్ని ఇంకా సరిచేస్తున్నామంటున్నారు. ఇలాంటివి ఇప్పుడు నాలుగైదు వచ్చాయి, నిర్మాణంలో అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. అందువల్ల ఒకదాని గురించి చెప్పేది మిగతావాటిని ఎంచుకునేటప్పుడు కూడా పనికొస్తుందని నా నమ్మకం.

పాఠం ఒక్కొక్కటి సుమారు పన్నెండు నిమిషాలు. ఇంగ్లీషు పదం రెండుసార్లు, దాని తెలుగు పదం ఒకసారి, ఒక వాక్యంలో అర్థం, ఆ తర్వాత మనం తిరిగి పలకడానికి కొంత విరామం. ఇంగ్లీషు పదాలను మనిషి గొంతుతోనే రికార్డు చేశారు, ఆ గొంతు స్పష్టంగా, తొందర లేకుండా ఉంది. తెలుగు భాగాన్ని మాత్రం యంత్రస్వరానికి అప్పగించారు. దీని ఫలితం ఏమిటో కాసేపట్లో చెబుతాను. పాఠాలతోపాటు ఒక చిన్న పుస్తకం పీడీఎఫ్‌గా వస్తుంది, అందులో పదాలు, అర్థాలు తప్ప వేరే ఏమీ లేవు. తెర మీద ప్రకటనలు లేవు, నెట్ లేకపోయినా పాఠాలు వినిపిస్తాయి, ఛార్జింగు పెద్దగా తినదు. ఈ విషయాల్లో ఫిర్యాదు లేదు.

ముందుగా మెచ్చుకోవలసినది ఉచ్చారణ. తెలుగు మాధ్యమం పిల్లలు ఇంగ్లీషు శాస్త్ర పదాలను అక్షరాలు చూసి కూడబలుక్కుంటారు, ఆ అక్షరాలేమో సగం గ్రీకువి, సగం లాటినువి. దారువును ఇంగ్లీషులో క్సైలెమ్ అని చదివే విద్యార్థి నాకు ప్రతి ఏడాదీ కనబడతాడు, అది జైలమ్ అని చెబితే నమ్మకం కుదరక పుస్తకం వైపు మళ్లీ చూస్తాడు. న్యుమోనియాలో మొదటి అక్షరం పలకదు. సొరయాసిస్‌లోనూ అంతే. సీలోమ్‌లో రెండు అచ్చులు కలిసి ఒకటవుతాయి. వీటికంటే చిక్కైనది ఊనిక. తెలుగులో మనం అక్షరాలన్నిటినీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లీషులో పదానికి ఒకచోట బరువు పడి మిగతా చోట్ల అచ్చులు నలిగిపోతాయి. ఎనలైజ్ అన్న క్రియ తెలిసినవాడు దాని ప్రకారం ఎలక్ట్రోలైసిస్ అంటాడు, కానీ బరువు ట్రా మీద పడి అది ఎలక్ట్రాలిసిస్ అవుతుంది. హైడ్రాలిసిస్, హీమాలిసిస్ కూడా అదే బాట. ఏ మంచి ఇంగ్లీషు నిఘంటువైనా ఊనికకు గుర్తు పెడుతుంది, కానీ ఆ గుర్తును చదవడం మన పిల్లలకు ఏ బడిలోనూ నేర్పలేదు. వినడం ఒక్కటే దారి. మూడు వారాల్లో మా అమ్మాయి మాటలో వచ్చిన మార్పు చూసి, ఈ ఒక్క పనికే చందా సగం గిట్టుబాటైందనుకున్నాను. తరగతిలో సందేహం అడగడానికి లేచి నిలబడే ధైర్యం ఎక్కువగా ఈ నోరు తిరగడం మీదే ఆధారపడి ఉంటుందని ఉపాధ్యాయులకు తెలుసు.

చిక్కు దీని తర్వాతే మొదలవుతుంది. తను హబ్సిగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతుంది, పాఠాలన్నీ ఆ దారిలోనే, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది. ఒక సాయంత్రం నోట్సులో, చిన్నపేగు చివరి భాగం అని రాయవలసిన చోట తుంటి ఎముక అని రాసుకొచ్చింది. తప్పు తనది కాదు. ఇంగ్లీషులో ఆ పేగు భాగం ఇలియం, తుంటి దగ్గరి పెద్ద ఎముకా ఇలియమే. రెంటికీ స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, ఒకదాని నడుమ ఇ, రెండోదానిలో ఐ. చెవికి తేడా ఏమీ లేదు. యాప్‌లో పేగు పదం జీర్ణవ్యవస్థ పాఠంలో, ఎముక పదం అస్థిపంజరం పాఠంలో వచ్చాయి, రెండు చోట్లా స్పెల్లింగు చదివి వినిపించలేదు. కంటితో చూడని పదం ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది.

అక్కడి నుంచి నేను కూడా కావాలనే రైలు రొదలో ఈ పాఠాలు వినడం మొదలుపెట్టాను. అధిశోషణం, శోషణం అన్న రెండు ప్రక్రియలను తీసుకోండి. ఒకటి ఉపరితలం మీద పట్టి ఉంచడం, రెండోది లోపలికి పీల్చుకోవడం. ఇంగ్లీషులో అడ్జార్ప్షన్, అబ్జార్ప్షన్. పెరేడ్ గ్రౌండ్ దగ్గర తలుపులు మూసుకునే చప్పుడులో ఆ డకు, ఆ బకు తేడా తెలుసుకోగలిగిన చెవి నాకైతే లేదు. తెలుగులో ముందు అధి ఉందో లేదో వినబడుతుంది. రక్తపోటు ఎక్కువైతే హైపర్‌టెన్షన్, తగ్గితే హైపోటెన్షన్. ప్రాణానికి సంబంధించిన ఈ తేడా అంతా నడుమనున్న ఒక్క రకారం మీద వేలాడుతోంది. తెలుగులో అధిక రక్తపోటు, అల్ప రక్తపోటు అంటే మార్కెట్ గోలలో కూడా పొరపాటు పడరు. అయితే ఈ విషయంలో తెలుగే ఎప్పుడూ మెరుగని చెప్పలేను. వృత్తాకార చలనం పాఠంలో అభికేంద్ర బలం, అపకేంద్ర బలం వరసగా వస్తే భి, ప కలగాపులగం అవుతాయి, ఇంగ్లీషు సెంట్రిపెటల్, సెంట్రిఫ్యూగల్ మాత్రం విడివిడిగా వినబడతాయి. వాయు శ్వాసక్రియ, అవాయు శ్వాసక్రియ (ఏరోబిక్, ఎనరోబిక్) అన్న జంటలోనైతే రెండు భాషలూ ఒకే గోతిలో పడ్డాయి. తేడా అంతా మొదట్లోనే ఉంది, ఇయర్‌ఫోన్‌లో ముందుగా వినబడకుండా పోయేది పదం మొదలే. వినికిడి పాఠాలు తయారు చేసేవారు ఇలాంటి జంటలను ఏరి, పక్కపక్కన పెట్టి, నెమ్మదిగా పలికించాలి. ఈ యాప్‌లో అలాంటి పాఠం ఒక్కటి కూడా లేదు.

ఇక యంత్రస్వరం సంగతి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని వృక్షశాస్త్రం పాఠం వింటున్నాం. ట్రాన్స్‌పిరేషన్ వచ్చింది. దానికి తెలుగు పదం బాష్పోత్సేకం. యంత్రం దాన్ని బాష్పో అని ఒకచోట ఆపి, త్సేకం అని రెండో ముక్కగా పలికింది. ఇంటర్ పరీక్షల్లో తను పదిసార్లు రాసిన మాటే, అర్థం మాత్రం ఎన్నడూ వెతకలేదట. వెంటనే ఫోనులో నిఘంటువు తెరిచింది. బాష్పం దొరికింది, ఆవిరి అని, కన్నీరు అని. త్సేకం దొరకలేదు. కాసేపు తిప్పలు పడి, "చిన్నమ్మా, గీ ఓత్సేకం యాడుంది? ఓ కాడ లేనే లేదు" అంది.

ఓ దగ్గర అది ఎందుకు ఉంటుంది? బాష్పం చివరి అకారం, ఉత్సేకం మొదటి ఉకారం కలిసి ఓకారమయ్యాయి. బడిలో గుణసంధి కింద పది ఉదాహరణలు రాసి, అయిదు మార్కులు తెచ్చుకుని, అక్కడితో మరచిపోయిన సూత్రమే ఇది. కాగితం మీద ఉన్న పదాన్ని విడదీయడం అలవాటున్నవారికే ఇది ఒక పట్టాన తోచదు. చెవితో విన్నవారికి అసలు దారే ఉండదు, ఎందుకంటే నిఘంటువులో వెతకవలసిన అక్షరం వారికి వినబడిన శబ్దంలో లేనే లేదు. ఉ దగ్గర వెతకమన్నాను. ఉత్సేకం దొరికింది. గర్వం, అహంకారం అన్న అర్థం కనబడగానే పకపకా నవ్వి, "చెట్టుకు గర్వమా?" అంది. ఆ పక్కనే పొంగడం, పైకి చిమ్మడం అన్న అర్థం కూడా ఉంది. పాలు పొంగినట్టు మనిషి పొంగిపోతే గర్వం, ఆకు రంధ్రాల నుంచి నీరు ఆవిరై పైకి లేస్తే బాష్పోత్సేకం. ఆ పదాన్ని తను ఇక మరచిపోదు. అయితే ఆ పని చేసింది పన్నెండు నిమిషాల పాఠం కాదు, పావుగంట నిఘంటువు వెతుకులాట.

నాలుగు నెలల్లో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇక్కడి నుంచే వచ్చింది. మన పారిభాషిక పదాలు అతుకులతో తయారైనవి. అతుకులు కనబడకుండా వినిపించే పాఠం పదాన్ని గట్టి గింజలా చేతిలో పెడుతుంది, అది మింగుడుపడదు, మొలకెత్తదు. ద్రవాభిసరణం అన్న మాట ఎంత కటువుగా ఉందో చూడండి. ద్రవం, అభిసరణం అని విడదీసి, ప్రియుడి దగ్గరికి తానే బయలుదేరే అభిసారికలోని అభిసరణమే ఇదీ అని చెప్పండి. పలుచని ద్రావణంలోని నీరు అర్ధపారగమ్య త్వచం (నీటిని పోనిచ్చి, కరిగినదాన్ని ఆపే పొర) దాటి గాఢమైన ద్రావణం వైపు తానే వెళుతుందని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది, దిక్కు కూడా తప్పదు. వక్రీభవనం అంటే మా అమ్మాయికి చాలాకాలం వంకర భవనం గుర్తొచ్చేదట. వక్రం కానిది వక్రం కావడం అని చెప్పాక, ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం మూడూ అడగకుండానే విడివడ్డాయి. భవనం ఉన్నచోట తానే అవుతుంది, కరణం ఉన్నచోట మరొకటి చేస్తుంది అని సూచిస్తే తటస్థీకరణం, అయనీకరణం కూడా అదే గాటన కట్టేసుకుంది. ఒక్క అతుకు తెలిస్తే అరడజను పదాలు తెలుస్తాయి.

ఇంగ్లీషు పదాలకూ ఇదే సూత్రం. కిరణజన్య సంయోగక్రియలోని కిరణం ఫోటో, సంయోగం సింథసిస్. మా కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఒక సహోద్యోగి దీన్ని జియాయీ తాలీఫ్ అంటారు. జియా అంటే వెలుగు, తాలీఫ్ అంటే కూర్పు. మూడు భాషల్లోనూ పదాన్ని ఒకేచోట కోయవచ్చు. 1917లో అనువాద విభాగం పెట్టి, 1918లో ఉర్దూలో బోధన కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన నగరం ఇది. అంతకు ముందే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు తెలుగులో శాస్త్ర గ్రంథాల కోసం విజ్ఞాన చంద్రికా మండలిని ప్రారంభించినదీ ఈ ఊళ్లోనే. శాస్త్ర పదాన్ని తమ భాషలో ఎలా అతకాలని ఇన్ని తరాలవారు తలలు బద్దలుకొట్టుకున్న చోట, ఆ అతుకును చూపించని పాఠం తయారు కావడం నాకు కొంచెం కష్టంగానే తోచింది.

యాప్‌లోని అసలు తప్పులు వేరే ఉన్నాయి, అవి ఎక్కువగా భౌతిక, రసాయన శాస్త్రాల పాఠాల్లో ఉన్నాయి. ఒక పాఠంలో ఆటమ్‌కు పరమాణువు అని సరిగానే చెప్పి, మరో పాఠంలో అణువు అన్నారు. పాఠ్యపుస్తకాల లెక్కలో అణువు అంటే మాలిక్యూల్. ఈ పొరపాటుకు మూలం ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు. పత్రికల్లో అణుబాంబు, అణువిద్యుత్తు అని చదువుతూ పెరిగాం, ఈసీఐఎల్ వైపు బస్సులో వెళుతూ అణు ఇంధన సముదాయం ప్రహరీ చూస్తుంటాం, ఆ వాడుకలన్నిటిలోనూ అణువంటే ఆటమే లేదా దాని కేంద్రకమే. వాడుక ఒకటి, పరిభాష ఒకటి అయినప్పుడు పాఠం ఆ విషయాన్ని ముందే చెప్పి హెచ్చరించాలి. ఇంకా పెద్ద తప్పు పవర్, ఎనర్జీ రెండింటికీ శక్తి అనే చెప్పడం. మామూలు మాటల్లో బలం, శక్తి, సామర్థ్యం మూడూ ఒకటే. ముసలాయనకు ఒంట్లో బలం లేదన్నా శక్తి లేదన్నా ఎవరూ తేడా అడగరు. భౌతికశాస్త్రంలో ఫోర్స్ బలం, ఎనర్జీ శక్తి, పవర్ సామర్థ్యం, ఎఫిషియన్సీ దక్షత. నాలుగూ నాలుగు వేర్వేరు రాశులు, ఒకదాని చోట మరొకటి పడితే లెక్కే తప్పుతుంది. తేలిక మాటలు కాబట్టి వీటికి నిఘంటువు తెరవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. కఠిన పదాలకంటే ప్రమాదకరమైనవి ఇవే. కణం అన్న మాట కూడా అలాంటిదే. జీవశాస్త్రంలో అది సెల్, భౌతికశాస్త్రంలో పార్టికల్, ఏది ఎప్పుడో సందర్భం చెప్పాలి. కేంద్రకం కూడా కణంలో ఒకటి, పరమాణువులో ఒకటి.

నిఘంటువుల గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ శాస్త్రాలవారీగా పారిభాషిక పదకోశాలు వేసింది. కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో అట్ట ఊడిపోయిన ఒక ప్రతి దొరికితే, ఛాయ్ ఖర్చుతో సమానమైన ధరకు తెచ్చుకున్నాను. ఏ విద్యార్థి చేతిదో గాని, అంచుల్లో ఆకుపచ్చ సిరాతో గీతలున్నాయి. పరమాణువు, అణువు తగాదాలో ఇంట్లో మా తీర్పు ఆ పుస్తకమే చెప్పింది. పదానికి పదం చెప్పడం దాని పని, వివరణ ఆశించకూడదు. విడదీసిన ముక్కల అర్థానికి ఆంధ్రభారతి వెబ్‌సైటు వారి నిఘంటు శోధన వాడాను. ఒక్క పదం కొడితే అనేక నిఘంటువుల్లోని అర్థాలు ఒకచోట కనబడతాయి, ఉత్సేకంలోని గర్వం, పొంగు పక్కపక్కన కనబడింది ఇక్కడే. కొత్తగా వచ్చినవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి, ఏ నిఘంటువు ఏ కాలానిదో చూడాలి. బ్రౌను నిఘంటువు 1850లలో అచ్చయింది. ఫోటోసింథసిస్ అన్న ఇంగ్లీషు మాటే 1893లో ప్రతిపాదించారు, జీన్ అన్నది 1909 నాటిది. బ్రౌనులో వాటికి తెలుగు దొరకలేదని కోప్పడితే తప్పు మనదే. నా పాత పదకోశంలో పీసీఆర్, అంటే డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి, లేదు. ఆ పద్ధతి పుట్టిందే 1983లో.

పీసీఆర్ పేరెత్తాను కాబట్టి ఒక చిన్న ముచ్చట. 2020లో ఈ నగరంలో ఆర్‌టీపీసీఆర్ అననివారు లేరు, పాలు పోసేవారి దగ్గరనుంచి అపార్ట్‌మెంట్ కాపలాదారు దాకా అందరి నోటా తప్పులేకుండా పలికింది. చెవితో, నోటితో ఒక పదాన్ని నేర్చుకోవడంలో అంతకు మించిన విజయం ఉండదు. అందులోని సీ అంటే చైన్ అని, శృంఖల చర్య అని, ఒకటి రెండై రెండు నాలుగై ప్రతి చుట్టుకూ నకళ్లు రెట్టింపవుతాయని ఎంతమందికి తెలిసింది? మేమెక్కే మెట్రో మార్గంలోనే, హబ్సిగూడ పక్కన, ఎన్‌జీఆర్‌ఐ స్టేషను ఉంది, దాని పేరు రోజూ వినేవారిలో అది భూభౌతిక పరిశోధన సంస్థ అని విప్పి చెప్పగలిగినవారు తక్కువే. వినికిడి పాఠాల హద్దు ఎక్కడుందో ఇంతకంటే దగ్గరగా చూపించలేను.

రెండో నెల నుంచి మా పద్ధతి మార్చాం. ముందు పీడీఎఫ్‌లో ఆ రోజు పదాలను చూడడం, ప్రతి పదాన్నీ అతుకుల దగ్గర అడ్డగీతలు పెట్టి విడదీయడం, తెలియని ముక్కను నిఘంటువులో వెతకడం, ఆ తర్వాతే పాఠం వినడం. రక్తం పాఠం ఇలా చేసిన మొదటిది. ఎరిత్రో ఎరుపు, ల్యూకో తెలుపు, థ్రాంబో గడ్డ, సైట్ కణం, పీనియా అంటే గ్రీకులో పేదరికం, మన మాటలో లేమి. ఇంతే రాసుకుంది. ఆ రాత్రి పాఠంలో థ్రాంబోసైటోపీనియా వచ్చినప్పుడు అర్థం చెప్పకముందే, "గడ్డకట్టించే కణాల లేమి, అంటే డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోవుడే గద చిన్నమ్మా" అంది. పాఠం ఆపి కాసేపు తన ముఖం వైపు చూశాను. విరామంలో తిరిగి పలకడాన్ని తన ఫోనులోనే రికార్డు చేసుకుని, యాప్ గొంతుతో పోల్చి వినడం కూడా అప్పుడే మొదలుపెట్టింది. తన గొంతు తనకు వినబడితే ఊనిక ఎక్కడ తప్పిందో ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలిసింది. మరచిపోతున్న పదాలకు మిఠాయి డబ్బాలో చీటీల పద్ధతి పెట్టుకున్నాం, తెలిసినవి వెనక్కి, తెలియనివి ముందుకు. ఆండ్రాయిడ్ ఫోనులో ఇదే పనిని ఆంకీ అనే ఉచిత కార్యక్రమం చేస్తుంది, చీటీకి శబ్దం కూడా జోడించవచ్చు. డబ్బాయే బాగుందని తను ఫోను జోలికి పోలేదు.

నాకు గుర్తున్నంతలో, చిన్నప్పుడు ఆకాశవాణిలో విన్న విజ్ఞాన ప్రసంగాల్లో వక్తలు ఒక కష్టమైన పదం వాడగానే అదే ఊపిరిలో దాన్ని విప్పేవారు. "అవటు గ్రంథి, అంటే గొంతు దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్" అన్న ధోరణిలో. అది పదాల పట్టిక కాదు, కథనం, కాబట్టి పదం తన చుట్టూ ఉన్న మాటలతో కలిసి గుర్తుండేది. ఈ యాప్‌లో ప్రతి పదమూ ఒంటరిగా వచ్చి ఒంటరిగా పోతుంది. రోజుకో పది నిమిషాలు టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ విద్యా టీవీ) పాఠమో, రేడియో ప్రసంగమో కలిపి వింటే ఆ లోటు కొంత తీరుతుంది.

తప్పుల జాబితా కాగితానికి రెండువైపులా రాసి, ఫొటో తీసి పంపాను. తొమ్మిదో రోజున మర్యాదగా జవాబొచ్చింది. ఆటమ్, మాలిక్యూల్ సరిచేశారు, విని చూశాను, సరిగానే ఉంది. బాష్పోత్సేకాన్ని యంత్రం ఇప్పటికీ బాష్పో దగ్గరే విరుస్తోంది. తెలుగు భాగాన్ని కూడా మనిషి గొంతుతో చదివించమని అడిగితే ఖర్చు గురించి చెప్పారు. అందులో నిజం ఉండవచ్చు. అయినా తెలుగు పిల్లల కోసం చేసిన పదకోశంలో మనిషి ఇంగ్లీషుకు, యంత్రం తెలుగుకు దక్కడం నాకు నచ్చలేదు, ఆ మాటే వారికి రాశాను.

తెలుగు మాధ్యమం నుంచి నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ కోర్సుల్లోకి వచ్చిన పిల్లలు ఉచ్చారణ కోసం దీన్ని నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు, పక్కన ఒక పదకోశం, ఒక పెన్సిలు ఉంటే చాలు. మా అమ్మాయికి చందా ఇంకో ఏడాది పొడిగిస్తున్నాను. భౌతికశాస్త్రం కోసం కొనాలనుకునేవారు మాత్రం ముందుగా ఉచితంగా వినిపించే అయిదు పాఠాల్లో పవర్, ఎనర్జీ ఉన్న పాఠాన్ని తెరిచి, సామర్థ్యం అన్న మాట వినబడిందో లేదో చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.